కుక్కలు, పిల్లుల ఛాతీలో నీరు చేరడం: అపోహలు – వాస్తవాలు

ఊపిరితిత్తులకూ ఛాతీ గోడకూ నడుమ ఉండే సన్నని పొరల మధ్య నీరు, చీము, రక్తం లేదా గాలి చేరితే ఊపిరితిత్తులు విచ్చుకోలేవు. చెన్నైలో పశువైద్యం చేస్తున్న నాకు, ఈ స్థితిలో ఆలస్యంగా వచ్చే జంతువులను చూసినప్పుడల్లా కలిగే బాధే ఈ వ్యాసానికి కారణం.

అపోహ: ఎండకు రొప్పుతోంది, ఫ్యాను కింద ఉంచితే సర్దుకుంటుంది.

వాస్తవం: కుక్క ఎండకు రొప్పడం సహజమే. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం అత్యవసర స్థితిగానే భావించి వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. నిద్రలో నిమిషానికి 30కి మించి శ్వాసలు ఉండటం రెండింటిలోనూ అనుమానించదగినదే.

అపోహ: దగ్గు లేదు కనుక ఛాతీలో ఏమీ లేదు.

వాస్తవం: ఛాతీలో నీరు చేరిన పిల్లులు చాలావరకు దగ్గవు, తిండి మానేసి, మంచం కింద దాక్కుని, మోచేతులు ఎడంగా పెట్టి, మెడ చాచి కూర్చుంటాయి.

అపోహ: ముందు ఎక్స్‌రే తీయాలి, ఆ తర్వాతే చికిత్స.

వాస్తవం: ఆయాసంతో ఉన్న పిల్లిని ఎక్స్‌రే కోసం బలవంతంగా పక్కకు పడుకోబెడితే అక్కడే ప్రాణం పోవచ్చు. స్టెతస్కోపుతో వింటే ఛాతీ కింది భాగంలో శ్వాస శబ్దం తగ్గి, గుండె చప్పుడు మందంగా వినిపిస్తుంది. అప్పుడు ఆక్సిజన్ ఇస్తూ, కూర్చున్న భంగిమలోనే అల్ట్రాసౌండ్‌తో నిర్ధారించుకుని, సాధారణంగా ఏడు, ఎనిమిది పక్కటెముకల ప్రాంతంలో, ఎముక వెనుక అంచున సాగే రక్తనాళాలకు తగలకుండా ముందు అంచును ఆనుకుని సూదితో నీటిని తీస్తాం. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చి వేచి చూడటం ఈ దశలో సరికాదని నా దృఢాభిప్రాయం, ఎందుకంటే చేరిన నీరు దానితో అంత త్వరగా పోదు.

అపోహ: ఒకసారి నీరు తీస్తే అదే అలవాటై మళ్ళీ మళ్ళీ చేరుతుంది.

వాస్తవం: మళ్ళీ చేరేది లోపలి జబ్బు వల్లనే తప్ప సూది వల్ల కాదు, కాబట్టి తీసిన ద్రవాన్ని తప్పక పరీక్షకు పంపాలి. దుర్వాసనతో చీము వస్తే ఛాతీలో గొట్టం అమర్చి సెలైన్‌తో కడుగుతూ వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇవ్వాలి. పాలలా తెల్లగా ఉండి, అందులో ట్రైగ్లిజరైడ్లు రక్తంలోకన్నా ఎక్కువగా తేలితే అది శోషరసం (పేగుల నుంచి కొవ్వును మోసుకెళ్లే లింఫ్ ద్రవం). రక్తమే వస్తే ఎలుకల మందు తిన్నదేమో విచారించాలి. అలాంటి మందుల్లో చాలావాటికి విటమిన్ కె1 విరుగుడు. గుండె జబ్బయితే మూత్రం పోయే మందు నిజంగా అవసరమవుతుంది. పిల్లిలో పసుప్పచ్చని జిగురు ద్రవం వస్తే ఎఫ్‌ఐపీని (పిల్లుల కరోనావైరస్ వల్ల వచ్చే తీవ్రమైన జబ్బు) అనుమానిస్తాం. ఒకప్పుడు దాదాపు మరణశాసనమైన ఈ జబ్బుకు జీఎస్-441524 అనే వైరస్ నిరోధక మందును సాధారణంగా 84 రోజులు వాడితే ఇప్పుడు చాలా పిల్లులు కోలుకుంటున్నాయి.

ఇంటికి పంపాక నిద్రలో శ్వాసలను రోజూ లెక్కించి రాసిపెట్టండి. సంఖ్య పెరుగుతూ పోతుంటే మేమిచ్చిన తేదీ వరకు ఆగకుండా తీసుకురండి.