“ఆయన మంచి కోసమే కదా డాక్టర్ గారూ!”: చాటుగా తాగుడు మాన్పించడంపై అపోహలు, వాస్తవాలు

మద్యం మాన్పించే వైద్యం చేసే మాకు తాగే మనిషి కంటే ముందు ఆయన ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తారు. గొంతు తగ్గించి అడిగేది చాలాసార్లు ఒకటే: “ఆయనకు తెలియకుండా తిండిలో కలిపే మందేదైనా రాసివ్వండి.” కుదరదంటే, “ఆయన మంచి కోసమే కదా!” అంటారు. నిజమే, మంచి కోసమే. రాత్రి ఎప్పుడొస్తాడో, ఏ స్థితిలో వస్తాడో అని టెన్షన్‌తో కూర్చునే మనిషి మాట అది. నా కోపం వాళ్ల మీద కాదు. “మావాడు ఇలాగే మానేశాడు, మీరూ కలిపి చూడండి” అని ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద.

అపోహ: ఉద్దేశం మంచిదైతే, తెలియకుండా మందు ఇచ్చినా నష్టం లేదు.

వాస్తవం: ప్రాణం పోయేంత నష్టం ఉంది. ఇలా చాటుగా కలిపేవాటిలో డైసల్ఫిరామ్ ఒకటి. మద్యం లోపలికి వెళ్లాక ముందు అసిటాల్డిహైడ్‌గా, తర్వాత అసిటేట్‌గా మారుతుంది. ఆ రెండో దశను ఈ మందు ఆపేస్తుంది. దాంతో అసిటాల్డిహైడ్ ఒంట్లో పేరుకుపోయి ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు, గుండె దడ, ఆయాసం వస్తాయి, బీపీ పడిపోతుంది. తీవ్రమైతే ఫిట్స్, గుండెపోటు కూడా రావచ్చు. చివరి మాత్ర వేసుకున్న 14 రోజుల వరకూ ఈ ప్రమాదం ఉంటుంది. మద్యం కలిసిన దగ్గు మందు తాగినా రియాక్షన్ రావచ్చు. సంగతి తెలిసినవాడు జాగ్రత్తపడతాడు. తెలియనివాడు ఎలా పడతాడు?

అమెరికాలో 1951లో అనుమతి పొందిన ఈ మందుకు అక్కడి లేబుల్ మీద గడి కట్టి మరీ హెచ్చరిక ఉంటుంది: మత్తులో ఉన్నవారికి ఇవ్వకూడదు, రోగికి పూర్తిగా తెలియజేయకుండా అసలే ఇవ్వకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డైసల్ఫిరామ్ తాగాలనే యావను నేరుగా చంపే మందు కాదు. ‘ఇప్పుడు తాగితే నా పని అయిపోతుంది’ అన్న ఎరుకే మనిషిని ఆపుతుంది. అందుకే 2014లో వచ్చిన ఒక విశ్లేషణలో, ఏ మాత్ర వేసుకుంటున్నారో రోగులకు తెలిసిన పరిశోధనల్లో డైసల్ఫిరామ్ మేలు చేసినట్టు తేలింది. ఏ మాత్రో చెప్పకుండా ఇచ్చిన పరిశోధనల్లో తేడా కనిపించలేదు. అంటే, చాటుగా కలిపినప్పుడు మందులో పనిచేసే భాగాన్ని మీరే తీసేసి ప్రమాదాన్ని మాత్రం మిగులుస్తున్నారు. అదే మాత్రను ఆయన ఒప్పుకుని, రోజూ ఇంట్లోవాళ్ల ఎదుట వేసుకుంటే ఫలితం బాగుంటుంది.

నేను చూసిన ఒకాయన్ని గుండెపోటు అనుకుని ఎమర్జెన్సీకి తెచ్చారు. భార్య పక్కనే వణుకుతూ నిలబడింది. పొడి కలిపిన సంగతి చాలాసేపటికి గానీ ఆమె నోటి నుంచి రాలేదు. ఆయన బతికాడు. ఆ తర్వాత నా దగ్గరకు వచ్చినప్పుడల్లా సీలు తీయని నీళ్ల సీసా వెంట తెచ్చుకునేవాడు. ఆమె గ్లాసు అందిస్తే పుచ్చుకునేవాడు కాదు. నేను రాసిన విటమిన్ మాత్రను కూడా అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేవాడు. తాగుడు మాన్పించడం కంటే ఆ అనుమానం పోగొట్టడానికే మాకు ఎక్కువ కాలం పట్టింది.

అపోహ: ఏదో చెప్పి నమ్మించి తీసుకెళ్లి, ఒక గదిలో పెడితే మానేస్తాడు.

వాస్తవం: ఏళ్లుగా బాగా తాగేవారికి ఒక్కసారిగా ఆపితే తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించే ప్రమాదకర స్థితి రావచ్చు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఆ పని చేయకండి.

అపోహ: అయితే ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: చాలా ఉంది. తాగని పూట ఆయనతో ఎక్కువసేపు గడపండి. తాగి వచ్చిన రాత్రి వాదన పెట్టుకోకండి. ఆయన ఆఫీసుకు మీరు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పకండి. మామూలుగా ఉన్నప్పుడు ‘నీకేం కావాలి’ అని అడిగి వినండి. ఇవన్నీ ఆయన మనసు మార్చే ప్రయత్నాలే, కానీ ఇందులో దాచేదేమీ లేదు. రేపు ఆయనకు తెలిసినా ఇవి ఇలాగే పనిచేస్తాయి. కుటుంబాలకు ఈ పద్ధతులు నేర్పే శిక్షణకు పరిశోధనల బలం ఉంది.

అపోహ: తెలియకుండా మందు ఇవ్వడం ఎప్పుడైనా, ఎవరి విషయంలోనైనా తప్పే.

వాస్తవం: నేను అంత దూరం వెళ్లను. మతిమరుపు జబ్బు ముదిరి, మంచిచెడ్డలు తేల్చుకునే శక్తి పోయినవారికి అత్యవసరమైన మందు అలా ఇవ్వాల్సి రావచ్చు. అది కూడా వైద్యులు, కుటుంబం కలిసి నిర్ణయించి, రికార్డులో రాసి, తరచూ సమీక్షించాలి. పొద్దున తేరుకుని ఉద్యోగానికి వెళ్లే మనిషి ఆ కోవలోకి రాడు.

ఇప్పటికే కలుపుతున్నవాళ్లు ఉంటే భయపడకుండా ఈ రోజే ఆపండి. ఏం కలిపారో, చివరిసారి ఎప్పుడు కలిపారో డాక్టర్‌కు చెప్పి, ఆయనకు విషయం ఎలా చెప్పాలో అక్కడే మాట్లాడుకోండి. ఈలోగా ఆయన తాగి ఆయాసపడినా, పడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, అడిగేదాకా ఆగకుండా మొదట ఆ ప్యాకెట్ చూపించండి.