మూలికల మడిలో భాస్వరం, వేళ్లలో శిలీంధ్రం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఎర్ర నేలల్లో అశ్వగంధ, నేలవేము, కలబంద సాగుకు దిగే రైతు భాస్వరం, నత్రజని ఉన్న డీఏపీ ఎరువు బస్తా వేయాలా, వేళ్లలో బతికే శిలీంధ్రాన్ని అందించే వ్యామ్ పొడి వేయాలా, రెండూ కలిపి వేయవచ్చా అని తర్జనభర్జన పడుతుంటాడు. ఈ సందేహం వెనుక వందేళ్లకు పైబడిన కథ ఉంది. అందులో ఒక కొస మన పొరుగునే ఉంది.

సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరపు ఎరువు తయారుచేసే దేశంలోని తొలి కర్మాగారం 1906లో, ఇప్పుడు తమిళనాడులో ఉన్న రాణిపేటలో నెలకొంది. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. అప్పటికి ఆ ఊరు చిత్తూరు ముఖ్యపట్టణంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదే. ఆ కర్మాగారానికి 21 ఏళ్ల ముందు, ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగుల పెంపకం సాధ్యమేమో చూడమని ప్రష్యా ప్రభుత్వం పురమాయించగా, ఫ్రాంక్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త చెట్ల వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలను పరిశీలించి, ఆ జంటకు మైకోరైజా అని 1885లో పేరు పెట్టాడు. మూలికా మొక్కల్లో ఎక్కువగా కనిపించేది మాత్రం వేరు కణాల లోపలికి చొచ్చుకుపోయే మరో రకం, అంటే మనవాళ్లు వ్యామ్ అనేది.

ఎర్ర నేలలోని ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టేసుకోవడంతో, వేసిన ఎరువులో కొద్ది భాగమే ఆ పంటకు అందుతుంది. వేరు చేరలేని చోటికి శిలీంధ్రపు పోగులు పాకి భాస్వరాన్ని తెచ్చిస్తాయి. బదులుగా మొక్క చక్కెరలు ఇస్తుంది. భాస్వరం పుష్కలంగా దొరికితే మొక్క ఈ బేరాన్ని తగ్గించుకుంటుంది కనుక, నిండు మోతాదు డీఏపీతో పాటు వ్యామ్ కొనడం నా దృష్టిలో డబ్బు దండగ.

నన్నారి షర్బత్తుకు వాడే మారేడు గడ్డల వంటివి శేషాచలం అడవిలో ఎవరూ ఎరువు వేయకుండానే పెరిగాయి. ఆ షర్బత్తు గిరాకీకి అడవిలో తవ్వకాలు పెరిగి గడ్డలు అరుదయ్యాయి. అలా మూలికలు పొలానికి దిగినప్పుడు వాటితో పాటు వేరుశనగకు అలవాటైన ఎరువుల లెక్కా వచ్చింది. నత్రజని ఎక్కువైతే నేలవేము ఆకు ఏపుగా పెరుగుతుంది నిజమే. కానీ మందుకు కావలసింది దాని చేదు, అది ఆకు బరువుతో సమానంగా పెరగాలనేమీ లేదు.

జీవన ఎరువులు, అంటే మేలు చేసే సూక్ష్మజీవులున్న ఎరువులు, 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. అయినా వ్యామ్ నాణ్యత తేల్చడం తేలిక కాదు. ప్రాణమున్న వేరు లేనిదే అది పెరగదు కాబట్టి జొన్న, మొక్కజొన్న వేళ్లపై వృద్ధి చేసి, మట్టి, వేరు ముక్కలు, శిలీంధ్రానికి విత్తనాల వంటి సిద్ధబీజాలు కలిసిన మిశ్రమంగా అమ్ముతారు. కంటికి అదంతా మట్టే. నారు సంచిలోనే వేళ్లకు తగిలేలా వేస్తే తక్కువ పొడి సరిపోతుంది. వేరుశనగ వేళ్లలోనూ ఈ శిలీంధ్రాలే కాపురం ఉంటాయి కనుక, వేరుశనగ తీసిన వెంటనే మూలికలు నాటే చేలో కొంత సహజంగానే మిగిలి ఉంటుంది. ఏళ్ల తరబడి ఏ మొక్కా లేకుండా బీడు పెట్టిన నేలలో అది క్షీణిస్తుంది.