చౌక బిల్లు వెనక లెక్కలు

చిరంజీవులు పిల్లలకు,

ఆశీస్సులు. పెద్ద డిస్కౌంట్ స్టోర్లలో సరుకులు కొనడం తప్పా అని అడిగారు. తప్పు కాదు. ఇరవై వేలతో నెల గడుపుకొచ్చే ఇంటికి కందిపప్పు మీద కిలోకి పది రూపాయలు మిగిలితే అది నిజమైన మిగులే. అలాంటివాళ్ళకి నీతులు చెప్పడం కడుపు నిండినవాళ్ళు చేసే పని. అయితే తగ్గిన ఆ పది రూపాయలు ఎక్కడ తగ్గాయో తెలుసుకుని కొనండి. వ్యాపారం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే కొంత తగ్గుతుంది. ఇంకొకరికి రావలసింది ఆపినా తగ్గుతుంది. బిల్లు మీద రెండూ ఒకే అంకెగా కనబడతాయి.

మొదటి రకానికి డీమార్ట్‌ని చూడండి. 2002లో ముంబయి పవాయ్‌లో మొదలైంది. స్టోర్ల భవనాలు చాలావరకు సొంతం, కాబట్టి నెలనెలా అద్దె బరువు లేదు. సరుకు ఇచ్చినవాళ్ళకి డబ్బు త్వరగా కట్టేసి, అందుకు బదులుగా ధర తగ్గించుకుంటుంది. హంగులు తక్కువ, సరుకు తిరుగుడు ఎక్కువ. ఇలా మిగిలిన రూపాయిని మొహమాటం లేకుండా జేబులో వేసుకోవచ్చు.

రెండో రకం సరఫరాదారు దగ్గర మొదలవుతుంది. అప్పడాలు చేసే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకోండి. నెలకి రెండు లక్షల సరుకు ఒక పెద్ద స్టోర్‌కి వేస్తుంది, డబ్బు తొంభై రోజులకి వస్తుంది. అంటే ఎప్పుడు చూసినా ఆరు లక్షలు స్టోర్ దగ్గర ఇరుక్కుని ఉంటాయి. మినప్పిండికీ కూలీలకీ అంత అప్పు తేవాలి. నూటికి రూపాయిన్నర వడ్డీ వేసుకున్నా నెలకి తొమ్మిది వేలు, రెండు లక్షల అమ్మకంలో నాలుగున్నర శాతం. ఆ అప్పడాల మీద మీకు ఐదు శాతం తగ్గింపు ఇచ్చారంటే దాదాపు అంతా ఆ యూనిట్ కట్టిన వడ్డీయే. దీనికి తోడు కోతలు. ర్యాకులో చోటు ఇచ్చినందుకు లిస్టింగ్ ఫీజు, ఆఫర్ పెడితే అందులో వాటా, విరిగిన అప్పడాలకి డెబిట్ నోట్, అంటే ఇవ్వాల్సిన డబ్బులో కోసుకున్నట్టు చీటీ. అవి లారీలో విరిగాయా, ర్యాకు సర్దేటప్పుడా, కొనేవాళ్ళు ప్యాకెట్ నొక్కి చూసినప్పుడా అన్నది ఎవరూ తేల్చరు. డెబిట్ నోట్ మాత్రం తయారు చేసినవాళ్ళ పేరునే వస్తుంది.

చట్టం లేక కాదు. చిన్న యూనిట్లకి డబ్బు కట్టే గడువు 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టంలోనే ఉంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. తర్వాత 2023లో ఆదాయపన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన చేర్చారు. గడువులో కట్టని ఆ బిల్లుని, కట్టేదాకా ఖర్చుగా చూపించుకోవడానికి లేదు. ఫిర్యాదుకి ప్రభుత్వ పోర్టల్ ఉంది. అంతా ఉన్నా చిన్న యూనిట్ నోరు మెదపదు. ఫిర్యాదు పెడితే వడ్డీ ఎప్పటికో రావచ్చు, వచ్చే నెల ఆర్డరు మాత్రం రాదు.

ర్యాకు ముందు నిలబడి ఇదంతా కనిపెట్టడం మీ వల్ల కాదు. కాబట్టి వస్తువుని బట్టి విడదీసుకోండి. పెద్ద కంపెనీల సబ్బు, పేస్టు, బట్టల పౌడరు పెద్ద స్టోర్‌లోనే కొనండి. అక్కడ బేరమాడే బలం రెండు వైపులా ఉంది. అప్పడాలు, వడియాలు, ఊరగాయలు, పొడులు చేసేవాళ్ళ దగ్గరే కొనండి. ఇక్కడ చెన్నైలో మైలాపూరులోనూ పురసవాక్కంలోనూ వెతికితే దొరుకుతారు. నాలుగు రూపాయలు ఎక్కువైనా అది నేరుగా పిండి కలిపినవాళ్ళకి చేరుతుంది.

ఇక మన వీధి చివరి అణ్ణాచ్చి కొట్టు. అణ్ణాచ్చి అంటే ఇక్కడ చిన్న కిరాణా కొట్టాయన. కొన్ని వస్తువుల మీద పంపిణీదారు ఆయనకి వేసే రేటు కంటే పెద్ద స్టోర్ మీకు అమ్మే రేటే తక్కువ. అందుకే ఆఫర్ రోజుల్లో చిన్న కొట్లవాళ్ళు కూడా ట్రాలీలు తోసుకుంటూ కనిపిస్తారు. ఈ తేడా మీదే 2021 డిసెంబరులో అఖిల భారత పంపిణీదారుల సమాఖ్య కంపెనీలకి లేఖ రాసింది, సరిచేయకపోతే జనవరి 1 నుంచి సహకరించబోమని హెచ్చరించింది. 2012లో కేంద్రం పలు బ్రాండ్లు అమ్మే రిటైల్‌లో 51 శాతం విదేశీ పెట్టుబడికి తలుపు తీసి, ఒప్పుకోవడం మానడం రాష్ట్రాలకి వదిలితే, తమిళనాడు ఒద్దంది. మంచిదే. కానీ పెద్ద స్టోర్ యజమాని స్వదేశీ అయినంత మాత్రాన అణ్ణాచ్చికి వచ్చే రేటు మారలేదు.

నా దృష్టిలో అసలు అన్యాయం ఇంకోటి ఉంది. నెలాఖరు పది రోజులు అరువు అణ్ణాచ్చి ఖాతాలో, ఒకటో తారీఖు జీతం పెద్ద స్టోర్ కార్డు మిషన్‌లో. వడ్డీ లేని అప్పు ఒకరి దగ్గర, రొక్కం బేరం ఇంకొకరి దగ్గర. ఇది మానండి. ఖాతా ఉన్నచోట జీతం రాగానే బాకీ తీర్చి, బియ్యం, పప్పు, నూనె లాంటి బరువైన సరుకు కొంతైనా అక్కడే తీసుకోండి. రొక్కం ఇస్తున్నాం కదా, రెండు శాతం తగ్గించమని అడగండి. అడిగితే చాలామంది తగ్గిస్తారు.

పనివాళ్ళ సంగతి కాస్త వివరంగా చెబుతాను, అది కళ్ళతో చూసి తెలుసుకోగలిగింది కాబట్టి. 2021లో తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టానికి 22-ఎ అనే సెక్షన్ చేర్చారు. ఉద్యోగులందరికీ తగిన ఆసనాలు ఉండాలి, పని మధ్యలో వీలు చిక్కినప్పుడల్లా కూర్చోనివ్వాలి. కేరళ 2018లోనే ఇలాంటి సవరణ తెచ్చింది. రోజంతా నిలబడితే పిక్కల్లో రక్తం కిందికి దిగి నిలుస్తుంది, పాదాలు వాస్తాయి, ఏళ్ళు గడిచేసరికి రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. టి.నగర్‌లో రంగనాథన్ వీధికో ఉస్మాన్ రోడ్డుకో వెళ్ళినప్పుడు బిల్లు కౌంటర్ వెనక స్టూలు ఉందో లేదో చూడండి. స్టూలు ఉండి దాని మీద అట్టపెట్టెలు పేర్చి ఉంటే అది లేనట్టే. చీరల అంతస్తులో కస్టమర్ లేని వేళ కూడా అమ్మాయిలు గోడకి ఆనుకుని నిలబడే ఉన్నారా అన్నది ఇంకా బాగా చెబుతుంది. మేనేజర్ దగ్గరికి వెళ్ళి ‘వీళ్ళకి కుర్చీలు లేవా?’ అని మర్యాదగా అడగండి. ఏ అమ్మాయినీ వేలు పెట్టి చూపించకండి, తిట్లు ఆ పిల్లకే పడతాయి. షాంపూల వరసలో ‘ఇది ట్రై చేయండి మేడమ్’ అనేవాళ్ళు చాలాసార్లు స్టోర్ ఉద్యోగులే కారు. కంపెనీ తరఫున ఏజెన్సీ పెట్టినవాళ్ళు. జీతం, పి.ఎఫ్. అడగాలంటే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. మీరు వద్దనేటప్పుడు నవ్వుతూ వద్దనండి.

ఆ పక్కనే మెట్లదారి కూడా చూడండి. 2017 మే 31న టి.నగర్‌లో ఒక పెద్ద బట్టల దుకాణం అంటుకుని, కొంత భాగం కూలి, చివరికి మొత్తం భవనాన్ని పడగొట్టాల్సి వచ్చింది. అత్యవసర మెట్ల మీద బేళ్ళు పేర్చి ఉంటే, ఆ జాగా అద్దె కూడా మీ డిస్కౌంట్‌లోనే ఉందని అర్థం. అలాంటిచోట పండగ రద్దీలో పిల్లల్ని ఎత్తుకుని పై అంతస్తులకి వెళ్ళకండి.

బట్టల్లో చౌక ఇంకా దూరం వెళుతుంది. తిరుపూరు అద్దకం నీళ్ళు నొయ్యల్ నదిలో కలుస్తున్నాయని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లని మూయించింది. ఆ నీళ్ళు శుద్ధి చేయడానికి ఖర్చుంది, చేయకపోతే చొక్కా చవక. కొన్ని నూలు మిల్లుల్లో ‘సుమంగళి’ అని పేరు పెట్టి, మూడేళ్ళు పనిచేస్తే పెళ్ళికి ఒకేసారి డబ్బు ఇస్తామని అమ్మాయిల్ని చేర్చుకునేవారు. మధ్యలో మానేస్తే ఆ డబ్బు పోయినట్టే. 199 రూపాయల టీషర్ట్ లేబుల్ మీద ఇవేవీ ఉండవు. మీ చేతిలో ఉన్నది తక్కువ కొనడం, నిలిచేది కొనడం. బట్టని వెలుతురుకి ఎత్తి పట్టి అవతల వేళ్ళు స్పష్టంగా కనిపిస్తే వదిలేయండి. భుజం కుట్టు లోపల పట్టీ ఉందో లేదో చూడండి, లేకపోతే మెడ సాగుతుంది. పక్క కుట్టు నిలువుగా దిగకుండా అప్పుడే ఒక పక్కకి వాలుతుంటే రెండు ఉతుకులకి మెలి తిరుగుతుంది.

మిమ్మల్ని మీరు మోసపోనివ్వకపోవడం కూడా ఇందులో భాగమే. ఎం.ఆర్.పి. అనేది గరిష్ఠ ధర, అంతకన్నా దానికి విలువ లేదు. స్టోర్ సొంత బ్రాండ్ ప్యాకెట్ మీద ఆ అంకె పెట్టించేదీ స్టోరే, దాన్ని కొట్టేసి ‘సగం ధర’ అనేదీ స్టోరే. 2021లో ప్యాకేజీ నిబంధనలు సవరించి, ఇంత బరువులోనే అమ్మాలన్న షెడ్యూలు తీసేశారు, గ్రాముకో కిలోకో ధర ముద్రించాలన్నారు. నూనె ప్యాకెట్ దీనికి మంచి పాఠం. లీటరు పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములు. అది 150 రూపాయలు, పక్కనే అదే ఎత్తున్న 850 గ్రాముల ప్యాకెట్ 144 అనుకోండి. మొదటిది కిలో 165 లోపు పడుతుంది, ‘చౌకైన’ రెండోది 169 దాటుతుంది. తగ్గింపు రాసిన పసుపు చీటీని చూడకండి, గ్రాములు చూడండి. ఎం.ఆర్.పి. కంటే ఎక్కువ వేస్తే, చెప్పకుండా సంచికి డబ్బు పట్టుకుంటే 1915కి ఫోన్ చేయవచ్చు.

రెండు చిన్న విషయాలు. ఒద్దనుకున్న ఐస్‌క్రీమ్‌నో పనీర్‌నో బిస్కెట్ల ర్యాకులో వదిలేయకండి. చల్లదనం పోయిన సరుకు పారేయాల్సిందే, ఆ నష్టానికి ఆ వరస చూసే మనిషి జవాబు చెప్పుకోవాలి. కౌంటర్‌లో అమ్మాయికి ఇచ్చి ‘ఇది వద్దమ్మా’ అంటే సరిపోతుంది. పదింటికి మూసే స్టోర్‌లోకి పావు తక్కువ పదికి వెళ్ళకండి. షట్టర్ సగం దించాక క్యాష్ లెక్క తేలాలి, ర్యాకులు సర్దాలి, నేల తుడవాలి. అదనపు గంటలకి రెట్టింపు వేతనం ఇవ్వాలని చట్టం చెబుతుంది కానీ, పదిన్నరకి బస్‌స్టాప్‌లో నిలబడ్డ మనిషికి 29సీ దొరుకుతుందా లేదా అన్నది చట్టం చూసుకోదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య
చెన్నై