డై ఎక్కాక ఇరవై సెకన్లు

"ఒరేయ్, ప్యాంటు తడిసిందేమో చూడు" అన్నాడు మా బాబాయి, స్కాన్ రూములోంచి బయటికొస్తూనే. తడవలేదు. హిమాయత్‌నగర్‌లో ఒక సెంటర్లో ఆయన గుండెకి సీటీ యాంజియో, అంటే గుండె రక్తనాళాల్ని చూపించే స్కాన్, తీశారు. డై ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కి, నోరు ఇనుప రుచి కొట్టి, పడుకున్నచోటే పోసేసుకున్నామా అనిపించడం మామూలే. టెక్నీషియన్ ముందే చెప్పాడు. బాబాయి వింటేగా!

డై అంటాం గానీ అందులో రంగేమీ లేదు. పనంతా అయోడిన్‌ది. ఎక్స్‌రేని ఎక్కడ ఎంత ఆపుతుందన్నదే సీటీ కొలిచేది. ఆ కొలతలో నీళ్లు 0, గాలి మైనస్ 1000. రక్తం 40 దగ్గర ఉంటుంది, గుండె కండరమూ దాదాపు అంతే. అంటే డై లేకుండా తీస్తే రక్తం ఏదో, కండ ఏదో తేల్చుకోలేం. బరువైన అయోడిన్ అణువులు ఎక్స్‌రేని బాగా ఆపుతాయి కాబట్టి, అది కలిసిన రక్తం 300 దాటి తెల్లగా మెరుస్తుంది. ఈ గుణం వాడకంలోకి వచ్చిన తీరు తమాషాగా ఉంటుంది. 1920లలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో సిఫిలిస్ రోగులకి సోడియం అయోడైడ్ మందుగా ఇచ్చేవారు. వాళ్ల ఎక్స్‌రేల్లో మూత్రాశయం స్పష్టంగా కనబడింది!

అసలు చిక్కంతా టైమింగ్‌లో ఉంది. చేతి నరంలోకి ఎక్కిన డై గుండె కుడివైపుకి, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకి, మళ్లీ గుండె ఎడమవైపుకి వచ్చి, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బృహద్ధమనిలో పడాలి. దీనికి ఇంచుమించు ఇరవై సెకన్లు. గుండె నీరసంగా కొట్టేవాళ్లకి ఇంకా ఆలస్యం. తొందరపడితే గుండె రక్తనాళాలు ఖాళీగా వస్తాయి, ఆలస్యమైతే డై దాటిపోతుంది.

అద్దం ఇవతల నిలబడి చూశాను. తెరమీద బృహద్ధమని అడ్డకోత, దాని నడుమ చిన్న వృత్తం. పంపు సెకనుకి 5 మిల్లీలీటర్ల చొప్పున డైని నెడుతోంది, వెనకే సెలైన్. మెషీన్ ఆ ఒక్క చోటే తక్కువ రేడియేషన్‌తో మళ్లీమళ్లీ చూస్తోంది. 42, 45, 44... గ్రాఫు బల్లపరుపుగా సాగి, ఉన్నట్టుండి 90, ఆ వెంటనే 130. స్కాన్ మొదలెట్టడానికి ముందే అనుకున్న గీత దాటింది. "ఊపిరి పీల్చి ఆపండి" అని మైకు, బల్ల కదలిక, అయిపోయింది. ఖైరతాబాద్ వినాయకుడు టెలిఫోన్ భవన్ దాటాడని ఫోన్ రాగానే ఎన్టీఆర్ మార్గ్‌లో ఉన్నవాడు సెల్ కెమెరా సర్దుకుంటాడే, అచ్చం అలాగే!

ఒక ఇబ్బంది మిగిలే ఉంది. నాళం గోడకి పేరుకున్న కాల్షియం కూడా తెల్లగానే కనబడుతుంది, పైగా ఉన్నదానికంటే లావుగా. అందుకే డై లేకుండా ముందొక స్కాన్ తీస్తారు. రెండు వోల్టేజీల్లో తీసే మెషీన్లు ఇంకో పని చేస్తాయి. వోల్టేజీ తగ్గిస్తే అయోడిన్ మెరుపు కాల్షియం కంటే బాగా పెరుగుతుంది, ఆ తేడాతో రెంటినీ విడదీస్తాయి.

డైని బయటికి పంపేది కిడ్నీలు, అందుకే ముందు క్రియాటినిన్ పరీక్ష చేశారు. నీళ్లు బాగా తాగమన్నారు. నాడి పెరగకూడదని పొద్దున్నుంచి టీ, కాఫీ బంద్. బాబాయి రోడ్డు దాటి నేరుగా ఇరానీ హోటల్లోకి నడిచాడు.

"నీళ్లు తాగమన్నారు బాబాయ్!"

"చాయ్‌లో ఉండేవేంట్రా మరి?"