నొప్పి తగ్గింది కదా, ఇక పరిగెత్తొచ్చా? దూరపు పరుగుల వాళ్ళ అపోహలు - వాస్తవాలు

బరంపురంలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి కూడా రన్నర్లు వస్తుంటారు. ఫుల్ మారథాన్‌కి తయారయ్యేవాళ్ళు కొందరు, 200 కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కి తయారయ్యేవాళ్ళు కొందరు. వీళ్ళలో చాలామందిది పాత గాయమే, మళ్ళీ తిరగబెట్టినది. కష్టపడడంలో ఎవరికీ లోటు లేదు. చెడగొడుతున్నది నలుగురూ చెప్పే ఈ మాటలే.

అపోహ: నొప్పి పోయిందంటే గాయం మానినట్టే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. పిక్కను మడమకు కలిపే అకిలెస్ టెండన్ సంగతే చూడండి. పది రోజులు పరుగు మానితే నొప్పి తగ్గుతుంది, దానిమీద బరువు పడలేదు కాబట్టి. టెండన్ బలపడలేదు సరికదా, ఆ పది రోజుల్లో ఇంకాస్త బలం తగ్గి ఉంటుంది. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. టెండన్లకూ ఎముకలకూ నెలలు కావాలి. ఆయాసం రావట్లేదు కదా అని ఆదివారం 20 కిలోమీటర్లు లాగించేస్తారు, మళ్ళీ కుంటుతూ వస్తారు. రన్నర్ల గాయాలపై జరిగిన అధ్యయనాల్లో పదేపదే తేలే ప్రమాద కారణం కూడా పాత గాయమే.

అకిలెస్ నొప్పికి స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన వ్యాయామం ఉంది. మెట్టు అంచున మునివేళ్ళపై నిలబడి, మడమను మెల్లగా కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్ల చొప్పున 3 విడతలు, కాస్త వంచి మరో 3 విడతలు. రోజూ రెండు పూటలా, 12 వారాలు. నొప్పి సరిగ్గా మడమ ఎముక మీదే ఉంటే మెట్టు వద్దు, చదును నేలమీద చేయాలి. 12 వారాలనగానే చాలామంది ముఖం వాడిపోతుంది. దయచేసి ఆరో వారంలో ఆపేయకండి. ఈలోగా సైకిల్ తొక్కినప్పుడు నొప్పి లేకపోతే తొక్కండి, దమ్ము నిలుస్తుంది.

అపోహ: గోపాల్‌పూర్ బీచ్ ఇసుక మెత్తన, కాళ్ళకు మంచిది.

వాస్తవం: పొడి ఇసుకలో మడమ దిగబడుతుంది, పిక్కకూ టెండన్‌కూ పని పెరుగుతుంది. నీటి అంచున గట్టిగా ఉంటుంది కానీ ఏటవాలు. అకిలెస్ నొప్పి ఉన్నవాళ్ళు కొన్నాళ్ళు తారురోడ్డే నమ్ముకోండి.

అపోహ: పరిగెడితే మోకాలి గుజ్జు అరిగిపోతుంది.

వాస్తవం: ఇంట్లో పెద్దలు భయపెట్టే మాట ఇది. పలు అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల సరదాకి పరిగెత్తేవాళ్ళలో 3.5 శాతం, పరుగు జోలికి పోనివాళ్ళలో 10.2 శాతం. పోటీల స్థాయి రన్నర్లలో మాత్రం 13.3 శాతం. అది కూడా దాచకుండా చెప్పాలి.

అపోహ: పరుగుకు ముందు ఒక నొప్పి మాత్ర వేసుకుంటే ఏమీ కాదు.

వాస్తవం: ఇది వింటే నాకు నిజంగా భయమేస్తుంది. ఎండలో గంటల తరబడి చెమటోడిస్తే కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి దాన్ని ఇంకా తగ్గిస్తాయి. 80 కిలోమీటర్ల పరుగులో చేసిన ఒక పరిశీలన 2017లో వచ్చింది. ఐబుప్రోఫెన్ వేసుకున్నవాళ్ళలో 52 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 34 శాతం మందికి కిడ్నీలు తాత్కాలికంగా దెబ్బతిన్నాయి. మన పక్కనే, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం ఉంది. కవిటి, సోంపేట వైపు చుట్టాలున్న ఎవరికైనా కిడ్నీ జబ్బంటే ఏమిటో తెలుసు. ఆ ప్రాంతం వాళ్ళు ఏ పెద్ద పరుగుకైనా ముందు ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి. మాత్ర లేనిదే పరిగెత్తలేని కాలుతో ఆ వారం పరుగు పెట్టుకోకండి.

అపోహ: ఎక్స్‌రే బాగుంటే ఎముక బాగున్నట్టే.

వాస్తవం: ఒత్తిడి వల్ల ఎముకలో వచ్చే సన్నని చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో తరచూ కనపడదు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. కాలి ముందు ఎముక మీద ఒక్క వేలితో చూపించగలిగేంత చోటే నొప్పి, ఒంటికాలిపై గెంతితే కలుక్కుమనడం, రాత్రి పడుకున్నా సలపడం ఉంటే అనుమానించాలి. గజ్జల్లో లోతుగా నొప్పి వచ్చి, కాలు మోపితే పెరుగుతుంటే అది తొడ ఎముక మెడ దగ్గరి చీలిక కావచ్చు. అప్పుడు నా దగ్గరికి కూడా కాదు, ఆ కాలిమీద బరువు మోపకుండా ఆరోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.