బ్యాట్‌మ్యాన్ పుస్తకమైతే చాలు, చూడక్కర్లేదా? సూపర్‌హీరో కామిక్స్‌పై అపోహలు - వాస్తవాలు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నాకు పుస్తకాల షాపు ఉంది. సెలవులొస్తే చాలు, "అన్నా, పిల్లోడికి ఒక బ్యాట్‌మ్యాన్ ఇయ్యి" అంటూ వస్తారు. పిల్లాడి వయసెంత అని అడిగితే, బొమ్మల పుస్తకానికి వయసెందుకు అన్నట్టు చూస్తారు.

అపోహ: బొమ్మలుంటే పిల్లల పుస్తకమే. తెలిసిన హీరో అయితే ఇంక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. అదే బ్యాట్‌మ్యాన్ మీద చిన్నపిల్లల పుస్తకాలున్నాయి, పెద్దవాళ్ల కోసమే రాసినవీ ఉన్నాయి. 1988లో వచ్చిన 'ది కిల్లింగ్ జోక్' చూడటానికి సన్నటి పుస్తకం. లోపల పోలీస్ కమిషనర్ కూతురు ఇంటి తలుపు తీయగానే విలన్ జోకర్ ఆమెను తుపాకీతో కాలుస్తాడు. ఆమె ఇక లేచి నడవలేదు. ధర్మవరం నుంచి ఒకాయన దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించి, మూడో తరగతి చదివే కొడుక్కి పుట్టినరోజుకు ఇచ్చాడట. "ఎవరన్నా తలుపు కొడితే సాలన్నా, తీయొద్దు నాయనా అని నా కాళ్లు పట్టుకుంటాడు" అని చెప్పేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రేమతో కొన్నాడు, ఆయన్నేం తప్పుపడతాం?

అందుకే హీరో పేరు పక్కనపెట్టి, చేతిలో ఉన్న సంచిక ఏ వయసువాళ్లదో చూడండి. అట్ట మీద, ఎక్కువగా బార్‌కోడ్ దగ్గర, చిన్న అక్షరాల్లో రేటింగ్ ఉంటుంది. ఈ కామిక్స్ వేసే పెద్ద అమెరికా కంపెనీలు రెండు: స్పైడర్‌మ్యాన్‌ది మార్వెల్, బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్‌లది డీసీ. మార్వెల్‌లో 'టీ' అంటే తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు. డీసీ పాత సంచికల్లో అదే 'టీ' పన్నెండేళ్లు దాటినవాళ్లకు. ఒకే అక్షరమని మోసపోవద్దు. 2020 నుంచి డీసీ పద్ధతి మారింది: డీసీ కిడ్స్ 8 నుంచి 12 ఏళ్లవాళ్లకు, మామూలు డీసీ 13 దాటినవాళ్లకు, బ్లాక్ లేబుల్ 17 దాటినవాళ్లకు. బ్లాక్ లేబుల్ పుస్తకం అడిగితే పిల్లల చేతికి నేనివ్వను, ఎంత బతిమాలినా సరే.

రేటింగ్ సరిపోయినా చివరి నాలుగైదు పేజీలు తిప్పి చూడండి. ఒక సంచికలో కథ ఇరవై చిల్లర పేజీలే. మంచి పట్టులో ఉండగా ఆపేసి, మిగతాది వచ్చే నెలకు పెడతారు. 1992 నవంబరులో వచ్చిన సూపర్‌మ్యాన్ 75వ సంచికలో ఒక్కో పేజీకి ఒక్కటే బొమ్మ, ఆఖరుకు సూపర్‌మ్యాన్ చనిపోతాడు. మరుసటి ఏడాది తిరిగొస్తాడు, కానీ ఆ ఒక్క సంచికే దొరికిన పిల్లకు ఆ సంగతేం తెలుసు? మా షాపులోనే ఒక పాప దాన్ని మూసి, వాళ్లమ్మ కొంగులో మొహం దాచుకుంది. చిన్నవాళ్లకు విడి సంచికల కన్నా, కథ పూర్తిగా ఉన్న సంకలనం కొనడం మేలు.

అపోహ: సెన్సార్ అయ్యాకే అమ్మకానికి వస్తాయి.

వాస్తవం: కాదు. సినిమాకు యూఏ 7+, 13+, 16+ అని సర్టిఫికెట్లు ఉన్నాయి గానీ, మన దేశంలో పుస్తకానికి అలాంటి బోర్డు లేదు. రేటింగ్ వేసేది పబ్లిషరే. బెంగళూరు నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ కట్టల్లో పాత అమెరికా సంచికల మీద కామిక్స్ కోడ్ ముద్ర కనిపిస్తుంది. అది 1954లో పబ్లిషర్లు తమకు తామే పెట్టుకున్న నియమావళి. దాన్నీ గుడ్డిగా నమ్మక్కర్లేదు. 1971లో డ్రగ్స్ ఎంత చేటో చెప్పిన స్పైడర్‌మ్యాన్ కథకు ఆ ముద్ర ఇవ్వలేదు, మార్వెల్ ముద్ర లేకుండానే అచ్చేసింది.

అపోహ: కామిక్స్ చదివితే చదువు చెడుతుంది.

వాస్తవం: ఈ మాట వాట్సాప్‌లో ఎవరో పంపారని ఇంట్లో ఉన్నవన్నీ పాత పేపర్ల వాడికి వేసేయకండి. పాఠం పుస్తకం పట్టని పిల్లలు ఇంగ్లిష్ వాక్యాలు కూడబలుక్కుని చదవడం ఈ పుస్తకాలతోనే మొదలుపెట్టడం నేను రోజూ చూస్తున్నాను.

అపోహ: పురాణాల కామిక్స్‌కు ఇవేవీ వర్తించవు.

వాస్తవం: యుద్ధాలు, తెగిపడిన తలలు వాటిలోనూ ఉంటాయి. అవీ తిప్పి చూసే కొనండి.

పిల్లలు ఇప్పటికే చూడకూడనిది చూసి భయపడి ఉంటే తిట్టొద్దు, పుస్తకం చింపొద్దు. ఏ బొమ్మ దగ్గర భయమేసిందో అడగండి, పక్కన కూర్చుని తర్వాత ఏమైందో చెప్పండి. తర్వాతి సంచిక కథ మీకు తెలియకపోతే షాపుకు రండి, నేను చెబుతాను. నా దగ్గర కొన్నదైతే బిల్లు లేకపోయినా, అట్ట నలిగినా మార్చి ఇస్తాను.