32 కిలోమీటర్లు నడిస్తే స్థానభ్రంశం సున్నా

సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవాళ్లకి ఈ పాఠం కాళ్లకే తెలుసు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతాం. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా 32 కి.మీ. తిరిగి మళ్లీ అదే తొలిపావంచాకి చేరతాం. తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు ఓసారి నాతో వచ్చాడు, చివర్లో అక్కడే కూలబడి పిక్కలు నొక్కుకుంటూ అన్నాడు: "మావయ్యా, మా బుక్కు ప్రకారం మన స్థానభ్రంశం సున్నా. అంటే రాత్రంతా నడవనట్టేనా?"

నడిచాంరా బాబూ, నడవకపోతే ఆ నొప్పి ఎక్కడిది?

అసలు స్థానభ్రంశం అన్న మాటే పిల్లల్ని సగం భయపెడుతుందని నా అనుమానం. బుద్ధిభ్రంశంలాగా జరగకూడనిదేదో జరిగినట్టు వినిపిస్తుంది. పైగా ఆర్కిమెడిస్ సూత్రంలో పక్కకి తొలగిన నీళ్లకీ ఇదే మాట వాడతారు. మన నడకలో స్థానభ్రంశం అడిగేది చిన్న ప్రశ్న: బయల్దేరిన చోటు నుంచి ఇప్పుడున్న చోటుకి తిన్నగా గీత గీస్తే ఎంత పొడవు, ఏ దిక్కుకి? మధ్యలో ఎటు తిరిగొచ్చావో దానికి అనవసరం. దూరం అలా కాదు, ప్రతి అడుగునీ కూడుకుంటూ పోతుంది, వెనక్కి నడిచినా కూడుతుందే గానీ తీసెయ్యదు.

చాలామంది స్థానభ్రంశాన్ని "షార్ట్‌కట్ దూరం" అనుకుని వదిలేస్తారు. దిక్కు సంగతి మర్చిపోతారు. తొలిపావంచా దగ్గర ఒక బాణం కట్టి, దాని మొన ఎప్పుడూ మనమున్న చోటే ఉంటుందనుకోండి. అప్పుఘర్ దగ్గర సముద్రం కనబడేసరికి ఆ బాణం తూర్పుకి తిరిగి, పది కి.మీ.కి అటూఇటూగా సాగి ఉంటుంది. నగరం దాటి ఎన్‌ఏడీ వచ్చేసరికి నైరుతికి తిరిగి బాగా కుంచించుకుపోతుంది, చివరికి మాయమవుతుంది. మనం నడుస్తూనే ఉన్నాం, దూరం పెరుగుతూనే ఉంది, స్థానభ్రంశం మాత్రం పెరిగి, తరిగి, సున్నా అయింది. ఎనిమిది గంటలు పట్టిందనుకుంటే దూరం లెక్కన సగటు వడి గంటకి 4 కి.మీ., స్థానభ్రంశం లెక్కన సగటు వేగం సున్నా. (మామూలుగా మనం రెండిటినీ వేగమనే అంటాం, పుస్తకంలో దిక్కు ఉన్నదే వేగం.)

చెప్పులు అరిగేది, చెమట పట్టేది, బండికి పెట్రోలు అయ్యేది దూరం లెక్కన. కానీ గురుత్వాకర్షణని అడగండి, అది మేనల్లుడి పక్షమే: ఎక్కిన ఎత్తంతా దిగి మొదటి చోటికే వచ్చాం కాబట్టి అది మన మీద చేసిన మొత్తం పని సున్నా.

చుట్టు తిరిగి అక్కడికే రాని ప్రయాణం చూడాలంటే గోదావరి ఉంది. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో పుడుతుంది. అక్కడి నుంచి అరేబియా సముద్రం 80 కి.మీ. మాత్రమే, అయినా పడమటి కనుమలకి ఇవతలి వాలులో పుట్టింది కాబట్టి తూర్పుకే రావాలి. వంకర్లు తిరుగుతూ 1,465 కి.మీ. ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. త్ర్యంబకేశ్వర్ నుంచి అంతర్వేదికి మ్యాప్ మీద స్కేలు పెట్టి గీస్తే దాదాపు 950 కి.మీ., ఆగ్నేయానికి. ఆ గీత మీద బాసర లేదు, భద్రాచలం లేదు, పాపికొండలూ లేవు. నది గొప్పంతా స్థానభ్రంశం వదిలేసిన చోట్లలోనే ఉంది, ఇది ఫిజిక్స్ కాదు, నా గోదారి పిచ్చి.

ఇంతకీ ఆ వంకర దూరాన్ని కొలిచేదెలా? తమాషా ఏంటంటే చిన్న చిన్న స్థానభ్రంశాలతోనే. ఫోన్‌లో నడక యాప్ జీపీఎస్‌తో కొన్ని సెకన్లకోసారి మనమెక్కడున్నామో చూసి, ఆ చుక్కల మధ్య తిన్నటి గీతలు గీసి, పొడవులు కూడుతుంది. చుక్కలు మరీ ఎడంగా ఉంటే మలుపులు కోసేస్తుంది, ఘాట్ రోడ్డు మీద దూరం తక్కువ చూపిస్తుంది. మనం ఆగినప్పుడు ఇంకో చిక్కు. జీపీఎస్ చుక్క ఉన్నచోట ఉండదు, నాలుగైదు మీటర్లు అటూ ఇటూ గెంతుతుంది. స్థానభ్రంశంలో ఆ గెంతులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దూరంలో కొట్టేసుకోవడమన్నదే లేదు, ప్రతి గెంతూ నడక కిందే జమ.

మేనల్లుడి ఫోన్ ఆ రాత్రి 34 కి.మీ. చూపించింది. టీకీ టిఫిన్‌కీ ఆగినప్పుడల్లా వాడి యాప్ నడుస్తూనే ఉంది మరి. వాడు మాత్రం ఎక్కువ చూపించిన ఆ రెండు కి.మీ. కూడా నడిచినట్టే క్లాసులో చెప్పుకుంటున్నాడు.